నార్మల్ అని వచ్చిన రిపోర్టు

బంగారు గనులు మూతపడ్డాక మా ఊళ్లో సగంమందికి ఉద్యోగం బెంగళూరులో, నిద్ర రైల్లో. తెల్లవారకముందే ఎక్కి కూర్చుంటే చాలు, పెట్టెలో అందరి తలలూ వాలిపోతాయి. అందుకే నా అలసటను ఎవరూ జబ్బనుకోలేదు, నేనూ అనుకోలేదు. జుట్టు ఊడుతోంది, ఒళ్లు బరువెక్కింది, ఎండాకాలంలో స్వెటర్ వేసుకుంటున్నాను. ఆఫీసులో చదివిన ఉత్తరమే మళ్లీ చదువుతున్నాను. "రైలు బతుకు, అంతే" అనేది పక్క సీటామె.

ఒక సాయంత్రం మా స్టేషను ఛాంపియన్‌లో దిగాల్సినదాన్ని ఆఖరి స్టేషను మారికుప్పంలో ఎవరో తట్టి లేపారు. ఇక ఉద్యోగం మానేద్దామనుకున్నాను. ఇంట్లో ఉండేది నాయనా నేనూ, వచ్చేది నా జీతమొక్కటే. మానితే ఎలా బతుకుతామో తెలియదు, మానకపోతే ఎన్నాళ్లు నిలబడతానో తెలియదు.

డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి థైరాయిడ్ అంది. మెడలోని ఆ గ్రంథి ఒంటికి చాలినంత హార్మోను తయారుచేయడం లేదట. రోజూ పరగడుపున మాత్ర వేసుకోవాలి, తర్వాత అరగంట దాకా కాఫీ కూడా కూడదు. రెండు నెలలకు రిపోర్టు నార్మల్ అని వచ్చింది.

నాయన గని ఆఫీసులో గుమాస్తాగా చేసినవాడు. జబ్బుపడిన కార్మికుడు ఆస్పత్రి నుంచి ఫిట్ చీటీ తెస్తేనే పేరు డ్యూటీలోకి ఎక్కించేవాడు. చీటీ వచ్చిందంటే ఆయన లెక్కలో మందు ముగిసినట్టే. నా రిపోర్టు రెండుసార్లు చదివి, "నార్మల్ అని రాసుండారు కదమ్మా. ఇంగ మాత్రలెందుకు? ఫిట్ అయిపోయినావు" అన్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం చూసి ఏళ్లయింది. నాకూ ఆ మాటే వినాలనుంది. మానేశాను.

మొదటి నెల ఏమీ కాలేదు. తర్వాత ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. మెట్లెక్కాలంటే ఏడుపొచ్చేది. "ఇలాగైతే కష్టమమ్మా" అన్నాడు మా మేనేజరు. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

"మాత్ర వేసుకున్నారు కాబట్టే నార్మల్ వచ్చింది," అందామె. "గ్రంథి బాగుపడలేదు. అది చేయాల్సిన పని మాత్ర చేస్తోంది. మీరిక ఎప్పటికీ వేసుకోవాల్సిందే."

ఇంటికొచ్చి ఆ కసి నాయన మీద తీర్చుకున్నాను. "నువ్వేమన్నా డాక్టరువా నాయినా?" అనేశాను. పెద్దాయనను అలా అన్నందుకు సిగ్గుపడ్డాను. బుజ్జగించడానికి మాత్రం శక్తి లేకపోయింది.

మర్నాడు లేచేసరికి నీళ్ల గ్లాసు, మాత్ర పట్టుకుని నాయన మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. లేచీ లేవగానే కాఫీ పడకపోతే విసుక్కునే మనిషి, ఇంకా పాలే పొయ్యి మీద పెట్టలేదు.

"నువ్వు తాగు నాయినా."

"నీ అరగంట కానీలే." గ్లాసు నా చేతికిచ్చి అన్నాడు: "నీకింగ ఏమీ లేదని ఎవురైనా అంటే చాలనిపించిందమ్మా. జబ్బు నీకైతే, ఓపిక నాకు అయిపోయినాది."

"నాకింకా ఉండాది నాయినా," అన్నాను.

అది అబద్ధం. మాత్ర మింగి రైలుకు తయారయ్యాను.