నీలమ్మకు ఒక ఒత్తి

ఆళ్లగడ్డలో పూజాసామాను అంగడి నడిపే రంగనాయకమ్మకు సాలెపురుగు పేరెత్తితే ఒళ్లు జలదరించేది. భర్త శేషయ్యకేమో కట్టెల మోపులో దొరికిన అరచేతంత నీలం టరాంటులా సాలీడు కూతురితో సమానం. నీలమ్మ అని పేరు పెట్టి, గాజు సీసాలో ఉంచి, బొద్దింకలు పట్టి మేపేవాడు. ఆయన పోయాక ఆ చాకిరీ ఈమె నెత్తిన పడింది. తిట్టుకుంటూనే రెండేళ్లు మేపింది. ఆయన చేత్తో సాకిన ప్రాణం ఇంట్లో అదొక్కటే మరి.

సరిగ్గా వరలక్ష్మీ వ్రతం ముందురోజు, బేరాలు ముసురుకునే వేళకు, నీలమ్మ కాళ్లు ముడుచుకుని చచ్చి ఉంది. రంగనాయకమ్మ అంగడికి తాళం వేసి, సీసా సంచిలో పెట్టుకుని నంద్యాల బస్సెక్కింది.

అక్కడొక కాలేజీలో, జంతుశాస్త్రం ల్యాబులో మత్తయి అటెండరు. ఒకప్పుడు శేషయ్య నీలమ్మను ఆ కాలేజీ పిల్లలకు చూపించడానికి తీసుకుపోతే, "చచ్చిపోతే నాకాడికి తేప్పా, ఎండబెట్టి అద్దాల పెట్టెలో పెట్టిస్తా" అన్నది ఇతనే. చచ్చాక కూడా ఈ పీడ ఇంట్లోనేనా అని, ఆ మాటకు ఆమె నెల్లాళ్లు మండిపడింది.

మత్తయి నీలమ్మ కడుపు కింద సన్నగా కోసి, లోపలిదంతా తీసేశాడు. దూది కూరితే ఒకచోట ఉబ్బింది, ఇంకోచోట సొట్టపడింది.

"నా చేతగాలేదమ్మా. ఇట్లే ఎండితే ముడతలు పడతాది. స్పిరిట్ సీసాలో ఏస్తా. పాడుగాదు గానీ రంగు పోతాది."

నీలం పోతే అది నీలమ్మే కాదు. ఆమెకు ఏడుపొచ్చింది.

"ఆ దూది ఇట్లియ్యప్పా."

నలభై ఏళ్లుగా ఒత్తులు చేసిన వేళ్లు. దూదిలో నలకలు ఏరి, పొరలు విప్పి, మొదలు లావుగా, కొన సన్నగా ఒత్తి చేసింది. ఇన్నేళ్లలో ఒక్కసారీ ముట్టుకోని నీలమ్మను ఎడమచేతిలోకి తీసుకుంది. ఒళ్లు జలదరించలేదు. ఒత్తిని కొద్దికొద్దిగా లోపలికి పంపితే కడుపు గుండ్రంగా నిలిచింది.

మత్తయి థర్మోకోలు మీద దాని ఎనిమిది కాళ్లూ చాపి, కదలకుండా గుండుసూదులు గుచ్చాడు. "మూడు వారాలు ఆరల్ల. అప్పటికీ సొట్ట పడకుంటే గెల్చినట్టే."

ఆ మూడు వారాలూ ఆమెకు అన్నం సయించలేదు. తీరా వెళ్లి చూస్తే అద్దాల పెట్టెలో నీలమ్మ, ఎక్కడికో బయల్దేరినట్టు, అదే నీలంతో ఉంది. ఆమె ల్యాబులోనే ఏడ్చేసింది. సంతోషంతోనే.

"మా పిల్లోళ్లకు కూడా ఈ పని నేర్పిస్తావామ్మా?" అన్నాడు మత్తయి.

ఇప్పుడు బేస్తవారం వస్తే అంగడి మధ్యాహ్నానికే మూత. నంద్యాల ల్యాబులో పిల్లలు ఆమె దగ్గర ఒత్తి చేయడం నేర్చుకుంటున్నారు. నీలమ్మ మాత్రం గల్లాపెట్టె పక్కనే, పురుగు పట్టకుండా పెట్టిన కర్పూరం బిళ్లతో ఉంది. ఏందమ్మా ఇది అని ఎవరైనా అడిగితే చేతిలో పని ఆపి చెబుతుంది.

"మా ఆయన సాకినాడు. నేను నిలబెట్టినా."