'గే' అక్షరానికి దొరికిన పేరు

మా అన్నయ్యకి కొడుకు పుట్టినప్పుడు, భద్రాచలంలో గుడి దగ్గరుండే పంతులుగారు పంచాంగం చూసి ఒక్క అక్షరం చెప్పి పంపించారు. ధనిష్ఠ నాలుగో పాదం, పేరు 'గే'తో మొదలవ్వాలి. అన్నయ్య ఆ అక్షరాన్ని దవాఖానా వార్డుకి తెచ్చి మందుల చీటీ చదివినట్టు చదివాడు.

"గేతో ఏముంటాయండీ పేర్లు? గేదె తప్ప," అంది వదిన పక్క మీద నుంచి లేవకుండానే.

మాకు సాయంగా వచ్చిన పక్కింటి పెద్దమ్మ మాలా వలస వచ్చింది కాదు, ఇక్కడి మనిషి. ఆమెకి అర్థం కాలేదు.

"గేదె అంటే ఏంది?"

"పాలిస్తుంది కదా పెద్దమ్మా, నల్లగా ఉంటుంది."

"బర్రెనా? గట్ల చెప్పరాదు. బర్రె పేరే పెట్టేదుంటే పంతులు 'బ' అని చెప్పకపోవునా?"

వార్డులో మంచాల మీదున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, శబ్దం లేకుండా. నేను అలాగే నవ్వుతాను. మేము కృష్ణా జిల్లా నుంచి చండ్రుగొండ దగ్గరికి పొలాలు కొనుక్కుని వచ్చినప్పుడు నేను బడికెళ్లే పిల్లని. మొదటిరోజు క్లాసులో "సారొచ్చారు" అన్నాను. పిల్లలు ఆ మాటని నాలాగే సాగదీసి సాయంత్రందాకా అంటూనే ఉన్నారు. సెలవులకి అమ్మమ్మ ఊరు వెళితే అక్కడ నోరు జారి "ఏంది" అన్నాను. "ఇదేంటే, అచ్చం అడవి మనిషిలా మాట్లాడుతోంది," అని మా పిన్ని కూతుళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత రెండుచోట్లా మాట్లాడటం తగ్గించేశాను. పుస్తకాలైతే నా యాసని పట్టుకోవు. మా ఇంట్లో ఎవరైనా "అమ్మాయేదీ?" అని అడిగితే, "ఏ మూలో చదువుకుంటోంది," అనేవాళ్లు. అమ్మా నాన్నా పోయాక కూడా ఆ జవాబు మారలేదు, చెప్పేవాళ్లు మారారంతే.

అందుకే అన్నయ్య ఆ పని నాకు అప్పగించాడు. "నువ్వు ఇన్ని పుస్తకాలు చదువుతావు కదమ్మా. గేతో ఓ పేరు చూడు. ఎలాగూ బియ్యంలో రాయడానికే."

అది నిజమే. పిలవడానికి మా నాన్న పేరు అప్పటికే అనుకున్నారు. నక్షత్రం పేరు బారసాల రోజు పళ్లెంలో పోసిన బియ్యం మీద తండ్రి ఉంగరంతో రాస్తాడు, మేనత్త పిల్లవాడి చెవిలో చెప్పి, తర్వాత అందరికీ వినబడేలా పలుకుతుంది. మళ్లీ ఆ పేరు అవసరమయ్యేది అర్చన గోత్రనామాల్లోనో, పెళ్లి ముహూర్తానికో. అంటే ఎవరికీ పట్టని పేరు. నాకు మాత్రం పట్టింది. ఒక మనిషికి ఒక మాట నా చేతుల మీదుగా వెళ్లడం, దాన్ని నేను నలుగురిలో నోరు తెరిచి చెప్పడం, అలాంటిది నాకు అంతకుముందు జరగలేదు. మంచి పేరు కావాలి. అది అతనికి దక్కాలి. ఆ వారం నేను ఇంకేమీ కోరుకోలేదు.

గేహం, గేయం అని వెతుక్కున్నాను. ఇల్లు అని, పాట అని పిల్లవాడికి పేరు పెట్టలేం.

ఆ దవాఖానాలో మధ్యాహ్నం డ్యూటీ నర్సు కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవురాలు. నా అవస్థ చూసి, తన బల్ల సొరుగులోంచి నల్ల అట్ట ఉన్న గ్రంథం తీసి ఇచ్చింది. "ఇందులో పేర్లకి కరువు లేదమ్మా. కూర్చుని చూసుకో."

వేల పేర్లు ఉన్నాయి. ఫలానావాడు ఫలానావాణ్ని కన్నాడని పేజీలకి పేజీలు. గాలి ఆడని వరండాలో బెంచీ మీద కూర్చుని వేలు పెట్టుకుంటూ చదివాను. 'గెర్షోము' దగ్గర నా వేలు ఆగింది. దీర్ఘం లేకపోయినా, ముందు అక్షరం కోసమే ఆగింది. పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో అర్థం ఉంది: అక్కడ పరదేశి.

నర్సుని అడిగాను. ఆమె దూది చుడుతూ చెప్పింది. "హెబ్రీ భాష పేరమ్మా. స్వదేశం నుంచి పారిపోయి వచ్చినాయన వేరే దేశంలో పిల్లని చేసుకుని, గొర్రెలు కాసుకుంటూ బతికాడు. కొడుకు పుడితే ఆ పేరు పెట్టాడు. పరాయి దేశంలో పరాయివాడిగా ఉన్నాను కదా అని. మా పాస్టరుగారైతే ఇంకో అర్థం చెబుతారు. తరిమేయడం అనే మాట కూడా అందులో వినబడుతుందట."

"మీవాళ్లలో ఎవరికైనా ఉందా ఈ పేరు?"

"నేనైతే వినలేదు. మాకు దావీదులూ యోహానులూ ఇంటికొకరు. పరదేశి అని కోరి ఎవరు పెట్టుకుంటారు చెప్పు?"

ఆ పేరు పాతకాలంలో పురోహితుల వంశాల్లో నడిచిందనీ, ఆ తర్వాత దేశదేశాలకీ చెదిరిపోయిన యూదుల్లో కొందరు పెట్టుకుంటూ వచ్చారనీ నేను చాలా ఏళ్లకి ఖమ్మం గ్రంథాలయంలో చదివాను. చెదిరిపోయినవాళ్లే దాన్ని వదలకుండా పట్టుకున్నారంటే నాకు ఆశ్చర్యం వేయలేదు. కాని ఆ మధ్యాహ్నం నాకు అవేవీ తెలియవు. నా గురించి నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఎక్కడో ఎడారిలో ఎవరో ముందే చెప్పేసి, దానికి పేరు కూడా పెట్టేశారని మాత్రం తెలిసింది. చాలాసేపు ఆ బెంచీ మీదే ఉండిపోయాను. పెద్దమ్మ వచ్చి, "బిడ్డా, నీ వదినకు పాలు కాగబెట్టాలె, జల్దీ రా," అనేదాకా.

ఇంటికి వచ్చాక అన్నయ్యకి పేరు దొరికిందన్నాను. "మంచిదేనా?" అన్నాడు. "మంచిదే," అన్నాను. ఏ భాషదని అతను అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే. చెబితే వద్దంటాడని కూడా తెలుసు. అందుకని బారసాలదాకా నాకు ఒకటే గుబులు: ఎవరైనా అడుగుతారా, అసలు నా గొంతు లేస్తుందా అని. పెరట్లో దండెం మీద బట్టలు ఆరేస్తూ ఆ నాలుగక్షరాలూ అలవాటు చేసుకున్నాను. గె. ర్షో. ము. మూడే అని అప్పుడు గమనించాను.

బారసాల రోజు మా ఇంటినిండా మావైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లూ, ఊళ్లోవాళ్లూ. ఉయ్యాలలో పిల్లవాడు కళ్లు తెరిచే ఉన్నాడు. నేను వంగి చెవిలో చెప్పాను. అది సులువే. తల తిప్పి నా వైపు చూశాడు. ఊపిరి తగిలి తిప్పి ఉంటాడు.

"ఇప్పుడు గట్టిగా, అందరికీ వినబడాలి," అన్నారు పంతులుగారు.

నా నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు. "మేనత్తకి కట్నం పెట్టందే పలకదట," అని ఎవరో అన్నారు. నవ్వారు. వదిన నా మోచెయ్యి నొక్కింది. అన్నాను. బాగానే అన్నాననుకున్నాను.

పంతులుగారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "గేర్... సోమ. సోముడు. అంటే చంద్రుడు. బావుందమ్మా, శుభమైన పేరు," అన్నారు. నా పక్కనున్న ఆడవాళ్లు "చంద్రుడట" అని వెనకవాళ్లకి చెప్పారు. వెనకవాళ్లు ఇంకా వెనక్కి అందించారు. అన్నయ్య ఉంగరంతో బియ్యం మీద 'గేర్సోముడు' అని రాశాడు. నేను ఆ అక్షరాలకేసి చూస్తూ నిలబడ్డాను. అందరూ సంతోషంగా ఉన్నారు. కాసేపటికి పంతులుగారు పళ్లెం ఎత్తి ఆ బియ్యాన్ని సంచిలో పోసుకున్నారు.

భోజనాలయ్యాక పెరట్లో గిన్నెల దగ్గర పెద్దమ్మ ఒక్కతే నన్ను అడిగింది.

"నువ్వు అన్నది ఒకటి, పంతులు అన్నది ఒకటి. నాకు ఇనబడ్డది. అసలు పేరేంది?"

చెప్పాను. అర్థం కూడా చెప్పాను. అక్కడ పరాయివాడు అని.

ఆమె చేతిలో పీచు ఆగింది. "పరాయోడు ఎట్లయితడే? ఈడనే పుట్టిండు గదా. నా చేతుల మీద తానం చేసిండు. రేపు నా మనుమలతోటి వాగులకు ఉరుకుతడు. వాడు ఈడోడే."

"పేరు కదా పెద్దమ్మా, ఊరికే."

"ఊరికే ఏంది. గది వాని పేరు కాదు. గది నీ పేరు." ఇంకో గిన్నె ముందుకి లాక్కుంది. "నీళ్లు పొయ్యి."

నీళ్లు పోశాను. ఆ పాత కథలో కూడా అంతే కదా అని అప్పుడు తోచింది. పారిపోయి వచ్చింది తండ్రి. కొడుకు అక్కడే పుట్టాడు, అక్కడి గొర్రెల మధ్యే పెరిగి ఉంటాడు. తండ్రి తన దిగులుకి పేరు పెట్టుకుని దాన్ని కొడుకు మీద ఉంచాడు. ఆ కొడుకుని ఎవరూ అడిగినట్టు ఆ గ్రంథంలో లేదు.

అయినా నేను మానలేదు. ఇంట్లో ఇద్దరమే ఉన్నప్పుడు వాణ్ని ఆ పేరుతోనే పిలిచేదాన్ని. పాకుతూ వచ్చేవాడు, నడుస్తూ వచ్చేవాడు. ఆ కొన్నేళ్లు నాకు ఇంట్లో మాట్లాడటానికి ఒక మనిషి ఉన్నాడు. బడిలో చేరాక ఒకరోజు పలక మర్చిపోతే తీసుకెళ్లాను. గుమ్మం దగ్గర నుంచి అలవాటుగా పిలిచేశాను. సారు విని, "ఏంది, ఘర్షణా? పొద్దున్నుంచి గదే పని వీనికి," అన్నారు. పిల్లలు పడి పడి నవ్వారు. నాకు ఆ నవ్వు తెలుసు.

సాయంత్రం వాడు సంచీ విసిరేసి నా ముందు నిలబడ్డాడు. "అత్తా, నన్ను గట్ల పిలవకు. అందరు ఘర్షణ, ఘర్షణ అంటున్రు."

"సరే."

"ఇంట్ల గూడ వద్దు."

"సరే నాన్నా."

వాడి తెలుగు పూర్తిగా ఇక్కడిది. వాడు గేదె అనడు, బర్రె అంటాడు.

ఆ తర్వాత ఆ పేరు నేను పైకి అనలేదు. వాడికి పన్నెండో పదమూడో ఏడు నడుస్తుండగా, ఒకసారి గోదావరి వరద తగ్గాక వాడూ నేనూ పెద్దమ్మ కూతుర్ని చూడటానికి భద్రాచలం వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాం. వాడు పల్లీలు ఒలుచుకుంటూ, ఆగి ఉన్న బస్సుల బోర్డులు పైకి చదువుతున్నాడు.

వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. "గెర్షోమూ, జల్దీ రా. బస్సు పోతది."

నేను గభాలున తిరిగాను. పల్లీల పొట్లం నా మోచెయ్యి తగిలి కింద పడింది. తెల్లచీర కట్టుకున్న ఒకామె. ఆమె వైపు నీలం నిక్కరు పిల్లవాడొకడు చెప్పు చేత్తో పట్టుకుని పరిగెడుతున్నాడు. నన్ను చూసి ఆమె ఆగింది.

"ఏందమ్మా, నన్ను పిలిచిన్రా?"

"లేదండి. ఎవరో అనుకున్నాను."

వాళ్లు బస్సు ఎక్కారు. మావాడు వంగి కింద పడ్డ పల్లీలు ఏరుతున్నాడు. ఆ పిలుపుకి వాడు తల కూడా ఎత్తలేదు.

"ఎవరత్తా వాళ్లు? మనోళ్లా?"

"కాదు," అన్నాను. "అదిగో, మన బస్సొచ్చింది. పద."