పట్టుగుడ్డ కట్టిన బండి

ఆదివారం పొద్దున్నే మా అపార్టుమెంటు సెల్లారులోంచి సగం కాలిన పెట్రోలు వాసన మెట్ల వెంట మా అంతస్తుదాకా ఎక్కి వస్తుంది. కింద ఉండే కుర్రాడు ఈమధ్య ఒక పాత బండి కొన్నాడు. దాని గాలి వడగట్టే డబ్బా ఊడదీసి, ఆ చోట గరాటులాంటి ఎర్రటి ఫిల్టరు తగిలించి, అప్పటినుంచీ కార్బురేటరు స్క్రూ అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. బండి దగ్గుతుంది, పేలుతుంది, ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. వారమంతా నల్లపాడు నుంచి బస్సులో ఆఫీసుకు పోయి వచ్చే ఒళ్లు, ఆ ఒక్క పూటైనా పడుకోనిమ్మని మొత్తుకుంటుంది. తిట్టుకుంటూ లేచి కిటికీ మూయబోతాను, మూయలేను. ఆ వాసన తగిలితే చాలు, పొదిలిలో మా ఇంటి అరుగు మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నట్టుంటుంది.

మా నాన్న పురోహితుడు. పొదిలి చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లిళ్లూ, వ్రతాలూ, గృహప్రవేశాలూ చేయించేవాడు. బస్సులు వాటికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేవి, ముహూర్తాలు మాత్రం వాటి వేళకే వచ్చేవి. అందుకని ఎవరో వాడి వదిలేసిన మోటారు సైకిలు ఒకటి కొన్నాడు. పట్టుపంచె కట్టుకుని, ఉత్తరీయం నడుముకు బిగించి, పంచాంగం సంచీ హ్యాండిలుకు తగిలించి ఆయన బయలుదేరుతుంటే వీధిలో పిల్లలం కొంతదూరం వెంట పరిగెత్తేవాళ్లం. తోలు సీటు మీద కూర్చుంటే మడి ఏం నిలుస్తుందండీ అని అమ్మ అడిగితే, అది తోలు కాదే, రెక్సిను అనేవాడు. మా ఇంట్లో ధర్మసందేహాలన్నీ అంత తేలిగ్గానే తీరిపోయేవి.

మా ప్రాంతంలో పెళ్లిళ్ల కాలమూ పత్తి కాలమూ ఒక్కసారే వస్తాయి. మాఘం వచ్చేసరికి పత్తి లారీలు ఊరిమీదుగా ఒకటే పోవడం. వాటి పక్కలకు ఉబ్బిన దూది రోడ్డు వారన తుమ్మముళ్లకు చిక్కుకుని, చెట్లు తెల్లగా పూసినట్టుండేవి. మేం ఆ దూదిని ముళ్లనుంచి ఊడదీసి బొమ్మలకు పరుపులు కుట్టేవాళ్లం, వేళ్లకు ముళ్లు గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని చప్పరించేవాళ్లం. చేలల్లో మిరపకాయలు కోతకొచ్చి, కళ్లాల్లో ఎర్రగా పరుచుకుని, మధ్యాహ్నపు గాలికి ఆ కోరు ఊళ్లోకి వస్తే బళ్లో మాస్టారూ మేమూ కలిసి తుమ్మేవాళ్లం. ఇంట్లో పండుమిరపకాయ పచ్చడి నూరే రోజులవి. అమ్మ చేతుల మంటకు రాత్రి వెన్న రాసుకునేది. అందరికీ కళకళలాడే ఆ కాలంలో మా నాన్న మొహం మాత్రం వేలాడిపోయేది. ఆ దూదీ ఆ దుమ్మూ బండి గాలి డబ్బాలో చేరి, ఊపిరాడక బండి దారిలో నిలబడిపోయేది.

అలాగే ఒక ఏడు కనిగిరి దారిలో ఉన్న ఒక పల్లెలో గృహప్రవేశానికి ఆలస్యమైంది. ఆ ఇంటి పెద్దాయన మంచివాడే, కాని మాట కటువు. “ఈసారికి సరే పంతులుగారూ. ఇంకోసారి ఇట్టా అయిందా, మేం కనిగిరి పంతుల్ని పిలుచుకుంటాం. ఏమీ అనుకోబాకండి” అన్నాడట. అనుకోకుండా ఎలా ఉంటాడు? తాతల నాటినుంచి మావాళ్లు చేయిస్తున్న ఊరది. పైగా వచ్చే మాఘంలో ఆ ఇంట్లోనే, పెద్దాయన మనవరాలు కోటేశ్వరికి పెళ్లి. ముహూర్తం పెట్టిందీ నాన్నే. ఆ వేళకు అందుకోకపోతే ఊరు పోతుంది, ఊరితోపాటు మాట పోతుంది.

మా వీధి చివర మస్తాను మెకానిక్కు షెడ్డు. వాళ్లది దూదేకుల కుటుంబం. తాత వింటితో దూది ఏకేవాడట. మస్తాను గొంతు పెద్దది, గొప్పలు ఇంకా పెద్దవి. నాన్న గోడు విని, “గాలి కింద నుంచి గాదండి, పైనుంచి లాగిద్దాం” అని పాత డబ్బా పీకేసి, రబ్బరు గొట్టం ఒకటి వంచి సీటు కిందికంటా ఎక్కించి, దాని మూతికి పల్చటి నూలుగుడ్డ కట్టాడు. బండి స్టార్టు చేస్తే పేలింది. ఎక్కువ గాలి వస్తోంది, దానికి తగ్గ పెట్రోలు అందడంలేదన్నాడు. ఆ మధ్యాహ్నమంతా మా అరుగు ముందే పని. కార్బురేటరు విప్పి, పెట్రోలు వచ్చే చిన్న బెజ్జపు జెట్టు తీసి పెద్దది వేశాడు. సూదికున్న క్లిప్పును ఒక గాడి కిందికి దించాడు. బండి బాగా వేడెక్కాక స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ, కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వాల్చి చప్పుడు విన్నాడు. నాన్న కూడా పక్కన కూర్చుని అలాగే కళ్లు మూసుకునేవాడు. “ఇప్పుడు స్వరం కలిసిందోయ్” అని నాన్న అంటే, “ఇంకా కలవలేదండి” అని మస్తాను, మళ్లీ ఇద్దరికీ వాదన. కాసేపు నడిపి తెచ్చి ప్లగ్గు ఊడదీసి చూసేవాళ్లు. తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. ఎట్టకేలకు అది కందిపొడికి దోరగా వేయించిన పప్పు రంగుకు వచ్చింది. అమ్మను కూడా వంటింట్లోంచి పిలిచి చూపించారు. అమ్మ చూసి, “ఇంకాస్త వేగాలి” అని లోపలికి పోయింది.

అంతటితో ఊరుకుంటే ఏ గొడవా లేదు. పెళ్లి ముందురోజు సాయంత్రం నాన్న ఆ నూలుగుడ్డను పట్టి చూస్తే, దూది దాన్ని వదలకుండా కరుచుకుని ఉంది. నూలుకు దూది చుట్టమాయె. పట్టుకైతే అంటదు కదా అని ఆయనకు తట్టింది. అమ్మ పెళ్లినాటి చీర చిరిగిపోయి పెట్టె అడుగున ఉంటే, అడిగీ అడగకుండానే దానిలోంచి ముక్క చింపి, రెండు మడతలు వేసి గొట్టం మూతికి కట్టాడు. అమ్మ ఆ పూట అన్నం వడ్డించి, మిగిలిన చీర మడిచి పెట్టెకు తాళం వేసింది. అటుగా పోతున్న మస్తాను సైకిలు దిగకుండానే ఒక కాలు కిందపెట్టి చూసి, “పట్టయితే మరీ మంచిదండి, దూది జారిపోద్ది” అన్నాడు. పట్టు నేత చిక్కన అని, గాలి తగ్గిపోతుందని, సెట్టింగు చేసింది నూలుగుడ్డకని ఇద్దరికీ తోచలేదు. ఆచారంలోనూ ఇంజినులోనూ పట్టు నూలుకన్నా ఒక మెట్టు పైనే కదా అనుకున్నారు.

తెల్లవారి చలిలో బండి ఒక్క కిక్కుకే స్టార్టయింది. నాన్న మొహంలో ఆ వెలుగు నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. పెళ్లిభోజనం మీది ఆశతో నేను వెనక ఎక్కి కూర్చున్నాను. పొదిలి దాటి, ఇంజిను వేడెక్కాక మొదలైంది. గుడగుడమని, నల్లటి పొగ వదిలి, ఆగిపోయింది. నాన్న పట్టుపంచె ఎగ్గట్టి, ప్లగ్గు విప్పి చూస్తే కాటుకలాగా ఉంది. ఉత్తరీయం అంచుతో తుడిచి బిగిస్తే కాస్త దూరం పోయి మళ్లీ ఆగింది. మళ్లీ విప్పడం, తుడవడం. దారిపక్క కళ్లంలో తాలు మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్లలో ఒకామె, “ఎన్నింటికండీ పంతులుగారూ ముహూర్తం?” అని అడిగింది. ఆమె వేళాకోళానికి అడగలేదు. నాన్న పొద్దువైపు చూశాడు. నల్లబడ్డ చేతులతో ఆయన అలా సూర్యుడి కేసి చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. మా నాన్నకు తెలియని సంగతి ఉంటుందని అప్పటిదాకా నేననుకోలేదు.

ఉత్తరీయంలో తెల్లటి చోటు మిగల్లేదు. తుడవడానికి ఇంకేమీ దొరక్క గొట్టానికున్న పట్టుగుడ్డ లాగి, దానితో ప్లగ్గు తుడిచి బిగించి తన్నాడు. బండి హాయిగా ఊపిరి తీసుకుని గుర్రంలా పరిగెత్తింది. అప్పుడు అర్థమైంది ఆయనకు. అర్థమయ్యేసరికి ముహూర్తం దాటిపోయింది.

పెళ్లిపందిట్లో మేళగాళ్లు సన్నాయిలు ఒళ్లో పెట్టుకుని టీ తాగుతున్నారు. పీటల మీద పెళ్లికూతురు తల వంచుకుని కూర్చుంది, వంచిన తల కింద ముక్కు ఎర్రబడి ఉంది. వేళ తప్పిన పెళ్లి కలిసిరాదని ఆడవాళ్లు అప్పటికే గుసగుసలు మొదలుపెట్టారు. పెద్దాయన కండువా దులిపి భుజాన వేసుకుని మా ఎదురుగా వచ్చాడు. ఆయన నోరు తెరిచేలోపే నాన్న, ఎప్పుడూ లేనంత నింపాదిగా అన్నాడు:

“శుభలేఖలో వేసిన వేళకు దోషముందయ్యా. తెల్లవారి మళ్లీ లెక్క చూస్తే బయటపడింది. అందుకే కావాలనే దాటనిచ్చి వచ్చాను. ఇప్పుడు నడుస్తున్నదే అసలు ముహూర్తం.”

పెద్దాయన కాసేపు ఆయన మొహంలోకే చూశాడు. తర్వాత జనంవైపు తిరిగి, “చూశార్రా, పంతులంటే ఇట్టా ఉండాల! వాయించండ్రా!” అన్నాడు. సన్నాయి లేచింది. నాన్న చెంబుడు నీళ్లడిగి చేతులు కడుక్కున్నాడు, గోళ్లలో నలుపు మాత్రం పోలేదు. ఆ చేతులతోనే వధూవరులచేత జీలకర్రా బెల్లం పెట్టించాడు. నేను గారెలూ పులిహోరా తిన్నాను, రుచి తెలియలేదు.

ఆ ఊరు మాకు నిలిచింది. సంగతి విని మస్తాను నాలుక కరుచుకున్నాడు, మళ్లీ నూలుగుడ్డే కట్టాడు, బండి ఆ తర్వాత చాలాకాలం బాగానే నడిచింది. నాన్నే సరిగా నడవలేదు. ఆ ఊరినుంచి ఎవరొచ్చినా ముందు అడిగేది కోటేశ్వరి సంగతే. ఆమె తొలిచూలు బిడ్డ దక్కలేదని తెలిసిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. తామర పురుగు తగిలి వాళ్ల మిరపతోట పోయిన ఏడు, ఎవరికీ చెప్పకుండా వాళ్ల గోత్రం పేరుమీద జపం చేశాడు. ఏమిటండీ ఇది అని అమ్మ అడిగితే, “లేని దోషం ఉందన్నానే. లేని బలం ఉందన్నానే” అనేవాడు. వయసు మీదపడ్డాక ఆ మాట మరీ ఎక్కువైంది. చెప్పి చెప్పి మేమూ విసిగిపోయాం, ఊరుకోండి నాన్నా అనేశాం.

ఇప్పుడు ఆ దారిలో బళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి. కొత్త బళ్లకు కార్బురేటరే లేదు, తిప్పడానికి స్క్రూ లేదు, కళ్లు మూసుకుని వినే పనీ లేదు. మస్తాను షెడ్డున్న చోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. నాన్న పోయి సంవత్సరీకం కూడా అయింది. మొన్న పొదిలి వెళ్లినప్పుడు బస్టాండులో ఒకామె నా చెయ్యి పట్టుకుంది. జుట్టు నెరిసింది, చేతికి కొత్త గాజులున్నాయి. ఎవరా అని చూస్తుంటే, “పంతులుగారి పాపవు గదూ? నేను కోటేశ్వరినమ్మా” అంది. మనవడికి తలనీలాలు తీయించి వస్తున్నారట. నాన్న పోయిన సంగతి ఆమెకు తెలియదు. చెప్పగానే అక్కడే బెంచీమీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఎన్ని పడ్డానో తెలుసా అమ్మా. బిడ్డ పోయింది, పంట పోయింది, మా ఆయన తాగుడు పట్టాడు. ఎప్పుడు ఉరేసుకుందామనిపించినా ఒకటే అనుకునేదాన్ని. నా పెళ్లికి పంతులుగారు దోషం తప్పించి పెట్టాడు, నాకు చెడు జరగదు, ఇదీ దాటిపోద్ది అని. ఆ ధైర్యంతోనే బతికా. ఒక్కసారన్నా వచ్చి కాళ్లకు మొక్కాలనుకున్నా. పనులతో కుదర్లా.”

ఆ పట్టుగుడ్డ సంగతి నేను ఎత్తలేదు. ఆమె బస్సు వచ్చింది, ఎక్కించాను. కిటికీలోంచి ఏదో అంటోంది, జనం అరుపుల్లో వినబడలేదు, తలూపాను. ఆమె చెప్పిన ఆ మాటలు ఈ లోకంలో వినాల్సిన మనిషి ఒక్కడే. ఆమె ఒక్క రెండేళ్లు ముందు వచ్చుంటే విని ఉండేవాడు.