శెట్టిగారి డ్యాన్సు మిషను

ఇప్పుడు ఎవరింట్లో చూసినా పిల్లలు ఫోను ముందు నిలబడి గంతులేస్తున్నారు గానీ, ఆ రోజుల్లో కడపలో ఒక మనిషి పట్టపగలు, తాగకుండా, పెళ్లి ఊరేగింపు లేకుండా డ్యాన్సు చేశాడంటే వీధి వీధంతా వారం చెప్పుకునేది. అలాంటి ఊళ్లో, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నా మొదటి ఉద్యోగం డ్యాన్సు మిషను దగ్గర.

స్టీలు సామాన్ల అంగడి నడిపే శెట్టిగారు ఒకాయన పక్క గదిలో వీడియో గేముల సెంటరు పెట్టారు. కార్ల పందేలూ తుపాకుల ఆటలూ బాగానే నడుస్తుంటే, ఎవరో చెప్పారని బెంగుళూరు నుంచి పాత డ్యాన్సు మిషను ఒకటి తెప్పించారు. పెద్ద తెర, దాని ముందు ఇనుప అరుగు, అరుగు మీద నాలుగు వైపులా నాలుగు బాణం గుర్తులు. పాట మొదలవగానే తెర మీద బాణాలు కింది నుంచి పైకి వస్తాయి; ఏ బాణం పై అంచును తాకితే, కాలికింద ఆ గుర్తును సరిగ్గా అప్పుడే తొక్కాలి. అంతే ఆట. ఆడపిల్ల ఉంటే కాలేజీ ఆడపిల్లలు కూడా వస్తారని నన్ను పెట్టుకున్నారు. మా చర్చి పాటల బృందంలో తాళం తప్పనిది నేనొక్కదాన్నేనని మా చిన్నాయన ఆయనకు గొప్పగా చెప్పాడు (తాళం చేతులతో వేస్తానన్న సంగతి చెప్పలేదు).

నేను ఎక్కి ఆడి చూపించాలి. నలుగురు చూస్తుంటే కాళ్లు కదల్లేదు. అందుకని ఒక పుల్ల పట్టుకుని, బడిలో అయ్యవారు మ్యాపులో నదులు చూపించినట్టు బాణాలు చూపించేదాన్ని. కుర్రాళ్లు గుంపుగా వచ్చి నిలబడేవాళ్లు. "నువ్వెక్కురా," "నువ్వే ఎక్కప్పా, నేను చూస్తా," అనుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. మూడు వారాలకు శెట్టిగారు నన్ను పిలిచారు. "ఎవురూ ఎక్కేటట్టు లేరు పాపా. ఆదివారం దాంకా చూస్తా. ఆ పైన దీన్ని బెంగుళూరుకే పంపిస్తా. అది పోతే నీకు గూడా ఈడ పనుండదు గదా."

నేనుండేది చిన్నాయన ఇంట్లోనే. ఆ మరునాడు మధ్యాహ్నం అన్నానికి పోతే మా చిన్నమ్మ ఇంటికి తాళం వేసి ఎక్కడికో పోయింది. వెంటనే తిరిగొచ్చాను. సెంటరు షట్టరు నడుముదాకా దించి ఉంది, లోపల పాట మోగుతోంది. వంగి చూస్తే శెట్టిగారు పంచె ఎగగట్టి, ఒక చేత్తో కళ్లజోడు పట్టుకుని, అరుగు అదిరేట్టు తొక్కుతున్నారు. అడుగు కుదిరినప్పుడల్లా మిషను 'గ్రేట్' అంటోంది. కూనిరాగం కూడా తీయని మనిషికి ఇదేం సరదా అని నాకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది. పాట అయ్యాక లోపలికి పోయి అడిగాను.

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. "ఇది బాగుందంటాది పాపా. ముప్పై ఏండ్లుగా అంగట్లో కూచ్చోనుండా. ధర ఎక్కువంటారు, రేకు పలచనంటారు. బాగా చేస్తాండావని ఒగ మనిషి అన్లేదు. ఇదైతే అడుగడుక్కీ అంటాది. తప్పు తొక్కినా తిట్టదు, ఇంగో బాణం పంపిస్తాది."

ఆయన భోజనానికి వెళ్లాక షట్టరు కిందికంటా లాగి నేనూ ఎక్కాను. మొదటి పాటలో కాళ్లు ఒకదానికొకటి తగులుకున్నాయి. మూడో పాటకు మిషను నన్నూ మెచ్చుకుంది. ఆ పాట ఏ దేశపు భాషో తెలియదు, మెచ్చుకున్నది ఇనుప పెట్టె, అయినా ఒళ్లంతా చెమటతో ఒంటరిగా నవ్వుకుంటూ నిలబడ్డాను. ఇది తెలిస్తే ఊళ్లో ఎవరూ ఊరకుండరని అప్పుడర్థమైంది. తెలియాలంటే ముందు ఒకరు ఎక్కాలి.

శనివారం మధ్యాహ్నం ఎదురుగా టీ అంగడి దగ్గర కాలేజీ కుర్రాళ్లు పదిమంది ఉన్నారు. సగం దించిన షట్టరు వెనక శెట్టిగారి పాట నడుస్తోంది. నేను కళ్లు మూసుకుని షట్టరు పైకంటా ఎత్తేశాను. ఆ చప్పుడుకు వీధి ఇటు తిరిగింది. శెట్టిగారూ తిరిగి చూశారు. ముఖంలో నెత్తురు లేదు. నా ఉద్యోగం ఆదివారం దాకా కూడా ఆగదనుకున్నాను. అంతలో తెర మీద బాణం వచ్చింది. ఆయన మళ్లీ అటు తిరిగి దాన్ని తొక్కారు, ఆ పైదాన్నీ తొక్కారు, పాట చివరిదాకా ఆడి, పంచె దించుకుని కిందికి దిగారు.

ఎవరూ నవ్వలేదు. ఒక కుర్రాడు చెప్పులు విడిచాడు. "శెట్టిగారే ఎగురుతాంటే మనకేమప్పా సిగ్గు," అని ఎక్కాడు. సాయంత్రానికి వరస రోడ్డు దాకా పోయింది. మిషను బెంగుళూరు పోలేదు.

వారం రోజులు నా తెలివికి నేనే మురిసిపోయి, ఎనిమిదో రోజు మనసు ఒప్పుకోక ఆయన దగ్గరికి పోయాను. "ఆ రోజు గాలికని చెప్పినాను గానీ శెట్టిగారూ, షట్టరు కావాలనే ఎత్తినాను," అన్నాను.

ఆయన కాఫీ గ్లాసు దించలేదు. "తెలుసులే పాపా. అప్పటికి నాలుగు దినాలుగా షట్టరు పూర్తిగా దించకుండానే ఆడతాంటి. ఎవురన్నా ఎత్తుతారేమోనని."

ఏడాదిన్నర ఆ మిషను పక్కన పనిచేశాను. ఎంతమందిని ఎక్కించానో లెక్కలేదు. తలుపు తెరిచి ఉండగా నేను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. "నువ్వు గూడా ఎక్కు పాపా," అని శెట్టిగారు అప్పుడప్పుడూ అంటూనే ఉండేవారు, నేను "రేపు" అనేదాన్ని. ఆ పిల్లను ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. వెనక నుంచి మెల్లిగా ఒక్క తోపు తోయాలనీ అనిపిస్తుంది.