బొమ్మకు జ్ఞానస్నానం

క్యాథలిక్ ఆరాధనా విధానాలను చదువుగా నేర్పే సంస్థ ఒకటి మా కడపలో ఉంది. అక్కడి లైబ్రరీ ఉద్యోగంలో ఇవాళ నాకు మొదటి రోజు. "ఏదన్నా తేడాగా ఉంటే ఈ పొద్దే మాన్పిస్తా" అంటూ నాన్న బండి మీద వెంట వచ్చాడు.

లోపలికి అడుగుపెట్టగానే, చర్చి ఫాదర్ కావడానికి చదువుతున్న ఒకాయన ప్లాస్టిక్ బొమ్మ నెత్తిన నీళ్లు పోస్తూ కనిపించాడు.

"ఏమప్పా, బొమ్మను గూడా వదలరా?" అన్నాడు నాన్న.

"బిడ్డకు నీళ్లు పోసి పేరు పెట్టేది నేర్చుకుంటాండానన్నా. రేపు నిజం బిడ్డను జారవిడిస్తే తల్లి ఊరుకోదు గదా!"

నాన్న నవ్వకుండానే, సాయంత్రం వచ్చి తీసుకుపోతానని చెప్పి వెళ్లాడు.

సాయంత్రం ఉక్క భరించలేక కొళాయి కింద తల పెట్టి, తడి జుట్టుతోనే గేటు దగ్గరికి వచ్చాను. నాన్న నా మొహం చూడలేదు, తల చూశాడు.

"ఏం పేరు పెట్టినారు?"

"ఉక్కకు తడుపుకున్నా నాన్నా!"

"ఊఁ."

ఎప్పుడూ 'పాపా' అని పిలిచే మనిషి, ఇంటికొచ్చినప్పటి నుంచీ ఊరికూరికే "లక్ష్మీప్రసన్నా" అని పూర్తి పేరుతో పిలిచి చూస్తున్నాడు. నేనూ ఠక్కున పలుకుతున్నాను. ఒక్కసారి ఆలస్యమైతే ఉద్యోగం పోయేలా ఉంది. మీ ఇళ్లలో ఇలాంటి పరీక్షలు ఉన్నాయా, మా నాన్నొక్కడేనా?