అత్తగారి గాజుతొట్టి, మామగారి గాలం

పోయిన వారం తార్నాకలో కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి వెళ్ళాను. దుకాణం మనిషి గంటాగి రమ్మన్నాడు. గంటసేపు ఎక్కడ తిరగను అని పక్కనున్న రంగుచేపల కొట్టు ముందు నిలబడ్డాను. లోపల కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి తొట్టి బేరం చేస్తోంది. కొట్టతను నుదుటి మీద ఇంత బొడిపె ఉన్న ఎర్రచేపను చూపిస్తూ, "గిది ఇంట్ల ఉంటే మంచిది మేడం. ఏదన్న గండం వస్తే మీకు రాదు, గిది తీస్కుంటది. సచ్చిందనుకోండ్రి, పరేషాన్ కావొద్దు. మీ గండం పోయినట్టే. ఇంకోటి తీస్కపోండ్రి" అన్నాడు. ఆ అమ్మాయి కళ్ళు చేప కళ్ళంత పెద్దవయ్యాయి. నాకు నవ్వొచ్చింది. ఈ మాట నేను మొదటిసారి విన్నది మా అత్తగారి నోట. ఇదే తార్నాకలో, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో.

మా అత్తగారికి దేవుడి మీద ఉన్నంత నమ్మకం వాస్తు మీదా ఉండేది. కృష్ణాజిల్లా నుంచి వచ్చి, మామగారి ఉద్యోగం పుణ్యమా అని లాలాగూడ రైల్వే క్వార్టర్లలో కాపురం పెట్టి, చివరికి తార్నాకలో సొంత ఇల్లు కట్టుకున్నారు. ఇల్లు కట్టాక ఒక సిద్ధాంతి వచ్చి, ఈశాన్యంలో చేపల తొట్టి పెట్టమన్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో చేపలకు పనిభారం ఎక్కువైంది. ఒక బంగారు చేప పోయిన వారానికి మా ఆయన స్కూటర్ మీంచి పడి మోకాలు గీరుకుపోవడంతో బయటపడ్డారు. "చూశావా, కాలు విరగవలసింది. అది తీసుకుపోయింది" అన్నారు అత్తగారు. ఇంకోటి చచ్చినప్పుడు ఏ ప్రమాదమూ జరగలేదు. అదే దాని గొప్పతనమట, ప్రమాదాన్ని ఇంటి గుమ్మం కూడా తొక్కనివ్వలేదట! చచ్చిన చేపను పసుపు నీళ్ళు చల్లి పారేసి, సాయంత్రానికల్లా కొత్తది తెచ్చేవారు. అలా తెచ్చిన వాటిలో చివరిది రాజా. బొడిపె తల, ఒంటిమీద అక్షరాల్లాంటి నల్లమచ్చలు, మనిషి దగ్గరికి వెళితే తోక ఊపుతూ అద్దానికి ముక్కు ఆనించడం. దానికి అన్నం మెతుకులు వేయకూడదంటే వినకుండా వేసేది కూడా అత్తగారే.

మామగారి జబ్బు వేరు. ఆయన కాలవగట్టున పుట్టిన మనిషి. ఉద్యోగంలో ఉండగా ఒక పెద్దాఫీసరు దగ్గర చేపలవేట నేర్చుకున్నారు. తినడానికి కాదు, ఆటకి. రిటైరయ్యాక చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు రోజూ పొద్దున్నే చక్రం తిరిగే గాలంకర్ర భుజాన వేసుకుని యూనివర్సిటీ క్యాంపస్‌లోకి పోయేవారు. హాస్టళ్ళు దాటి చెట్లలోకి వెళితే అక్కడొక కుంట ఉండేది. దాని గట్టున పాతగొడుగు ఒకటి విప్పుకుని కూర్చుని, గోధుమపిండిలో ఇంగువ కలిపిన ఉండను ముల్లుకు గుచ్చి వేసేవారు. జిలేబీ చేప పడితే ముందు చేతులు తడుపుకునేవారు, పొడిచేత్తో ముట్టుకుంటే దాని ఒంటి జిగురు పోతుందని. నోట్లోంచి ముల్లు మెల్లగా తీసి, అది మళ్ళీ తేరుకుని తోక విదిలించేదాకా నీళ్ళలో పట్టుకుని వదిలేసేవారు. ఇంటికి మాత్రం ఎప్పుడూ ఖాళీ చేతులే. "చేపలవేటకు పోయి కొత్తిమీర కట్ట తెచ్చే మగవాణ్ణి లోకంలో మిమ్మల్నే చూశాను" అనేవారు అత్తగారు.

ఈ రెండు జబ్బులూ ఒక ఇంట్లో ఉంటే యుద్ధం రాకుండా ఎలా ఉంటుంది? "తినేదైతే సరే, ఆకలి అనుకుంటాను. ఊరికే దాని నోరు చీల్చి వదిలేయడం ఏం సరదా అండీ?" అని ఆవిడ. "నేను ఒక్క క్షణం పట్టి వదిలేస్తాను. నువ్వు నేరం చెయ్యనిదానికి యావజ్జీవం వేశావు, పైగా మన పాపాలు మొయ్యమంటావు" అని ఈయన. ఎవరు పట్టిన కుందేలుకు వాళ్ళు మూడే కాళ్ళు అనేవారు. మధ్యలో నన్ను తీర్పు చెప్పమనేవారు. నేను పప్పు మాడుతోందని లోపలికి పోయేదాన్ని. కోడలిగా నాకు తెలిసిన న్యాయశాస్త్రం అంతే.

ఆ రోజుల్లోనే మా మేడ మీద గదిలోకి ఒక అమ్మాయి అద్దెకు వచ్చింది. క్యాంపస్‌లో చరిత్రలో పరిశోధన చేస్తోంది, నల్లగొండ వైపు పల్లె. వాళ్ళ నాన్న ఊరి చెరువులో చేపలు పడతాడు. పగలంతా ఉద్యమం, ధర్నాలు, నినాదాలు. సాయంత్రం గొంతు పోగొట్టుకుని వచ్చి మా వంటింట్లో మిరియాల చారు తాగేది. "మా ఇంట్లో అద్దెకున్న ఉద్యమం" అని మామగారు ఆమెను ఆటపట్టించేవారు. యుద్ధం కొత్త న్యాయమూర్తి ముందుకు వెళ్ళింది. ఆమె పెద్దగా నవ్వి, "మా బాపు వలేస్తడు అంకుల్. పడ్డయి అమ్ముతం, మిగిలినయి వండుకుంటం. పట్టి ఇడిశిపెట్టుడు నేనైతే గీడనే చూస్తున్న" అంది.

మామగారు ఊరుకుంటారా? "అయితే మీ నాన్న చేతిలో చచ్చే చేప కంటే నా చేతిలో బతికే చేప నయం కాదుటమ్మా?"

"గదీ నిజమే" అని ఒప్పుకుంది. కాసేపాగి, "కానీ మా బాపుకు గది పని, మీకు ఆట. చేపకు రెండూ ఒక్కటే కావొచ్చు, మనకు ఒక్కటి కాదు గద అంకుల్" అంది. మామగారు ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ రెండు రోజులు గడిపారు. ఈలోగా ఆమె అత్తగారి దగ్గర చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకుంది. కాబట్టి ఆమె కూడా పూర్తిగా చేపల పక్షం అని చెప్పలేను.

ఉద్యమం ముదిరింది. రోడ్డు మీద ముళ్ళకంచెలు, గాలి ఇటు తిరిగితే కళ్ళు మండే పొగ. గోల్నాకలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాలంటే నాలుగు చోట్ల దిగి నడవాలి. బంధువులు ఫోన్లు చేసి, "ఇల్లు అమ్ముకుని వచ్చేయండి, రేపు రాష్ట్రం విడిపోతే మనవాళ్ళను ఉండనిస్తారో లేదో" అని భయపెట్టేవారు. మామగారు నవ్వేసేవారు గానీ అత్తగారికి నిద్ర కరువైంది. తులసికి మొక్కి, ఇంటి గోడలు తడుముకునేవారు. పైగది అమ్మాయిని అడిగితే, "మీరేడికి పోతరు ఆంటీ? పోనియ్యం" అనేది. ఆ మాటకు ఆ పూట ధైర్యం వచ్చేది, మర్నాటికి కరిగిపోయేది. సరిగ్గా అప్పుడే రాజా తిండి మానేసింది.

బొగ్గుగనుల వాళ్ళు కూడా సమ్మెలోకి దిగడంతో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలియదు. గాలిపంపు ఆగిపోయేది. ఆ రోజు బంద్. పొద్దుటినుంచి కరెంటు లేదు, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. మధ్యాహ్నానికి రాజా పక్కకు ఒరిగిపోయి, నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. మామగారు చూసి, "గాలాడక పోతోందే. చెంబు పట్టుకురా అమ్మాయ్" అని నాకు చెప్పి చేతులు తడుపుకున్నారు.

"ముట్టుకోకండి!" అన్నారు అత్తగారు. ఆవిడ అలా అరవడం నేనెప్పుడూ వినలేదు. తొట్టికీ మాకూ మధ్య నిలబడ్డారు. "అది మన గండం తీసుకుంటోంది. తీసుకుపోనివ్వండి. ఇల్లు నిలబడుతుంది" అన్నారు. కళ్ళల్లో నీళ్ళు. ఆ చేపంటే ఇష్టం లేక కాదు. రోజూ దాన్ని పలకరించనిదే కాఫీ తాగని మనిషి. ఇష్టమైనదాన్ని వదులుకుంటేనే మొక్కు చెల్లుతుందని ఆవిడ లెక్క. మామగారు తడిచేతులు తువ్వాలుకు తుడుచుకుని వెనక్కి జరిగారు. నాకు పప్పు మాడే నెపం కూడా దొరకలేదు.

అప్పుడు పైగది అమ్మాయి వచ్చింది. మొహమంతా దుమ్ము, కళ్ళు వాచి ఉన్నాయి. మేము ముగ్గురం బొమ్మల్లా నిలబడి ఉండడం చూసి ఏమైందని అడిగింది. అత్తగారు చెప్పారు. ఆమె గడప మీద కూలబడింది.

"మా క్లాస్‌మేట్ ఒకడు నిన్న ప్రాణం తీస్కోబోయిండు ఆంటీ, అందరి కోసమని. దోస్తులు చూసి ఆపిన్రు. బతికిండు. పొద్దటి సంది వాని దగ్గర్నే ఉన్న" అంది. మాట ఆగి ఆగి వస్తోంది. "ఒక పెద్దమనిషి వచ్చి వాని తల నిమిరి, మీ అసుంటోళ్ళ త్యాగంతోనే రాష్ట్రం వస్తది బిడ్డా అన్నడు. నాకు ఆయన్ని బయటికి గుంజుకపోబుద్ధయింది. వస్తే వాడు చూడొద్దా? వానికి ఒక అమ్మ లేదా?" తొట్టి వైపు తిరిగింది. "ఇంకొకలు సస్తే మనకు మంచిగైతదని ఎవలు చెప్పిన్రు ఆంటీ? గీ చేపకు మీ గండం ఏం ఎరుక? దానికి గాలి కావాలె, గంతే."

 వీధిలో ఎక్కడో నినాదాలు వినిపించి దూరమయ్యాయి. అత్తగారు పైటచెంగుతో కళ్ళు తుడుచుకుని, వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఇక తలుపేసుకుంటారేమో అనుకున్నాను. రాగిచెంబు పట్టుకుని బయటికి వచ్చారు. ఆవిడ వెనకే మామగారు, "రాగి వద్దే, దానికి పడదు, స్టీలుది తే" అని నసిగారు. మరో చెంబు వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, "ఎంత ఎత్తునుంచి పొయ్యాలండీ?" అని అడిగారు.

ఆ సాయంత్రమంతా మేము నలుగురం వంతులేసుకుని తొట్టిలో నీళ్ళు తోడి, ఎత్తునుంచి మళ్ళీ తొట్టిలోకే పోశాం. అలా పోస్తే నీళ్ళలోకి గాలి చేరుతుందట. మామగారు రాజాను నిటారుగా పట్టుకుని, కుంట దగ్గర చేసినట్టే ముందుకూ వెనక్కూ మెల్లగా ఆడిస్తూ ఉన్నారు. అత్తగారు తిట్టుకున్న గాలం విద్యే చివరికి అక్కరకొచ్చింది. పైగది అమ్మాయి నీళ్ళు పోస్తూ పోస్తూ ఒకసారి ఏడ్చింది, ఒకసారి నవ్వింది. పొద్దుగుంకే వేళకు రాజా మామగారి చేతిలోంచి తోక విదిలించుకుని జారిపోయింది. కరెంటు వచ్చి పంపు బుడబుడమనగానే వీధి మొత్తం ఎప్పటిలాగే "వచ్చిందో!" అని అరిచింది. ఆ కేక మా రాజా కోసమే అన్నట్టు అత్తగారు చప్పట్లు కొట్టారు.

తర్వాత మా ఇంట్లో రెండు మార్పులు వచ్చాయి. అత్తగారు తొట్టిని ఈశాన్యం నుంచి తీసి, ఇంకా పెద్దది చేయించి, హాల్లో తన కుర్చీ పక్కన పెట్టించారు. "నేను మారాను కదా, మీరూ ఏదో ఒకటి మారండి" అని మామగారి వెంటపడ్డారు. ఆయన నాలుగు రోజులు గొణిగి, కటింగ్ ప్లేయర్‌తో గాలాల ముళ్ళన్నీ కత్తిరించేశారు. కానీ కుంటకు వెళ్ళడం మానలేదు. దారానికి పిండి ఉండ కట్టి, అదే గొడుగు కింద, అంతే దీక్షగా కూర్చునేవారు. పైగది అమ్మాయి తన క్లాస్‌మేట్‌ను ఒకరోజు మా ఇంటికి తీసుకొచ్చింది. సన్నగా, తల ఎత్తని మనిషి. మామగారు ఏమీ అడగలేదు. "పొద్దున్నే రా, ఒక్కణ్ణే కూర్చుంటే తోచడం లేదు" అన్నారంతే. అతను వెళ్ళాడు. మర్నాడూ వెళ్ళాడు. "పడ్డయా తాతా?" అని దారిన పోయే విద్యార్థులు అడిగితే, మామగారి బదులు అతనే, "పడలే, తిని పోయినయి" అని చెప్పడం మొదలుపెట్టాడు. ముల్లు లేని గాలం వేసే ముసలాయనకు మతి పోయిందని క్యాంపస్ అంతా అనుకున్నారట. అనుకోనీ అన్నారు మామగారు.

రాష్ట్రం వచ్చింది. మేమెక్కడికీ పోలేదు. వచ్చిన రోజున పైగది అమ్మాయి మొహం నిండా గులాబీ రంగుతో వచ్చి అత్తగారి నోట్లో లడ్డు కుక్కి, "ఏడికన్న పోతున్నరా ఆంటీ?" అంది. "పోతే దీనికి నీళ్ళు ఎవరు మారుస్తారే?" అన్నారు ఆవిడ, తొట్టి చూపిస్తూ. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆ క్లాస్‌మేట్‌కు ఇద్దరు పిల్లలు.

పెద్ద తొట్టిలో రాజా సుఖంగా ఉందా అంటే నేను చెప్పలేను. అద్దం అద్దమే. ముల్లు లేకుండా మేత వేసినా, మనిషి తన కాలక్షేపం కోసమే వేశాడు కదా అనిపిస్తుంది. ఆ యుద్ధానికి తీర్పు నా దగ్గర ఇప్పటికీ లేదు. అది ముసలిదై, రంగు వెలిసి, ఒక ఉదయం తొట్టి అడుగున ఉండిపోయింది. పక్కింటావిడ వచ్చి, "పోనీలెండి, మీ దోషం పోయింది" అని ఓదార్చింది. అత్తగారు ఏడుస్తూనే, "మాకే దోషమూ లేదండీ. దాని చావు అది చచ్చింది" అన్నారు. జామచెట్టు మొదట్లో పాతిపెట్టారు. కొత్త చేపను తేలేదు. ఇప్పుడు అత్తగారూ మామగారూ లేరు. ఆ తొట్టిలో మట్టి పోసి నేను పుదీనా పెంచుతున్నాను.

కొట్టులో ఆ జంట ఎర్రచేపను సంచీలో పట్టించుకుని బయటికి వస్తుంటే ఉండబట్టలేక ఆ అమ్మాయిని ఆపాను. "కరెంటు పోతే చెంబుతో ఎత్తునుంచి నీళ్ళు పొయ్యండమ్మా, బతుకుతుంది" అన్నాను. కొట్టతను నన్ను కొరకొరా చూశాడు. ఆ అమ్మాయి మాత్రం, "ఎంత ఎత్తునుంచి ఆంటీ?" అని అడిగింది. చెయ్యెత్తి చూపించాను. ఎవరి ఆయువు వాళ్ళదేనని తెలుసుకోవడానికి మా ఇంటిల్లిపాదికీ ఒక చేప జీవితమంత కాలం పట్టింది.