దీపం సంగతి అడగడానికి పాలమూరు దాకా

ఆరిన దీపం గురించి కరెంటాఫీసుకు పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. పన్నెండోది రాయబోయి ఆగి, నేనే బయలుదేరాను.

తొంభైల మొదట్లో కరెంటోళ్లు, కరెంటు కోసం బొగ్గు కాల్చడం తగ్గించాలని, మా ఊళ్లో ఒక సోలార్ దీపం పెట్టారు. స్తంభం మీద అద్దాల పలక, కింద ఇనుప డబ్బాలో బ్యాటరీ, దాని మీద ఎర్ర అక్షరాలతో ‘ముట్టరాదు’. సాయంత్రాలు ఆ వెలుగులో ఆరుగురు ఆడవాళ్లకు చదువు చెప్పేవాణ్ణి. ఏడాది తిరగకుండానే దీపం ఆరింది, బడి ఆగింది. అప్పటికి ఆ ఆరుగురిలో యాదమ్మకు తన పేరులో చివరి ఒత్తు ఒక్కటే నేర్చుకోవడం మిగిలింది.

ఉదయం ఆరింటికి నార్కట్‌పల్లి చౌరస్తాలో ఆ యాదమ్మే కనిపించింది. లారీల బ్యాటరీ దుకాణం ముందు సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చుంది.

“ఏడికి పంతులూ, గింత పొద్దుగాల?”

“పాలమూరుకు. దీపం పెట్టించిన సారు గాడికి బదిలీ అయిండట. అడిగొస్త.”

“అడుగు, నీకు అడుగుడు బాగొస్తది” అంటూ నా సంచిలో రెండు పండ్లు వేసింది.

ఒకనాడు ఆమె ముక్కాలిపీట ఎక్కి, కట్టెకు తడిబట్ట చుట్టి ఆ పలక తుడుస్తుంటే అందరి ముందూ కేకలేశాను. ముట్టరాదని రాసి ఉంది కదా. ఆమె మళ్లీ దాని జోలికి పోలేదు.

ఎనిమిదిన్నరకు బస్సులో హైదరాబాదు చేరాను. తొమ్మిదిన్నరకు కాచిగూడలో ప్యాసింజరు. కిటికీ దగ్గర చోటు దొరికింది. పక్కనున్న గొర్రెల వ్యాపారి నా ఉత్తరాల నకళ్ల కట్ట చూసి, “అన్నా, గివన్నీ నువ్వే రాసినవా? గంత ఓపికుంటే గొర్లు కాయరాదె?” అన్నాడు. సగం సీతాఫలం అతనికిచ్చాను. గింజలు కిటికీలోంచి ఊస్తూ షాద్‌నగర్ దాకా నవ్వుతూనే ఉన్నాడు.

పాలమూరులో, అదే మహబూబ్‌నగర్‌లో, దిగేసరికి ఒంటిగంట. స్టేషను ఎదుట భోజనం చేసి, రెండింటికి ఆఫీసుకు వెళ్లాను. ఆ అధికారి నాకు కుర్చీ చూపించాడు, అది ఒప్పుకోవాలి. గోడ మీద ఏ ఊళ్లో ఎన్ని దీపాలు పెట్టారో రాసిన పట్టిక ఉంది.

“మా లక్ష్యం పూర్తయిందండీ” అన్నాడు.

“ఇందులో వెలిగేవెన్ని?”

ఆయన పట్టిక వైపు చూశాడు. “ఆ గడి ఇందులో లేదండీ.”

బయటికొస్తుంటే అటెండరు నా వెంట వచ్చాడు. “జడ్చర్ల బస్సెక్కి మధ్యల దిగితే ఖాజాబీ ఊరొస్తది. మీ దీపం, ఆమె దీపం ఒక్క లారీల వచ్చినయే. ఆమెది ఎలుగుతాంది. పోయి సూడుండ్రి” అన్నాడు.

నాలుగింటికి అక్కడ దిగాను. ఖాజాబీ భర్త పోయాక జాకెట్లు కుట్టి బతుకుతోంది. మిషను సరిగ్గా దీపస్తంభం కిందే వేసుకుంది. మిగిలిన పండు ఇస్తే నవ్వింది.

“సీతాఫలాల పాలమూరుకే సీతాఫలం తెచ్చినవా బిడ్డా? కూసో, ఛాయ్ తాగు.”

దీపం ఎలా నిలిచిందని అడిగాను. ఇనుప డబ్బా తెరిచి, సీసాలోంచి బ్యాటరీలోకి నీళ్లు వంచి చూపించింది.

“బర్రెకు నీళ్లు తాపుతం, దీనికి తాపొద్దా? నెలకోపాలి సూడాలె. ఊకె నల్లా నీళ్లు కాదు, బ్యాటరీల పోసే నీళ్లు లారీల బ్యాటరీ దుకాణంల దొర్కుతయి. మీద పలక దినాం తుడుస్త.”

“ముట్టరాదని రాసుంది గదమ్మా?”

“నాకు సదువు రాదు గద బిడ్డా. పెట్టినాయన గీడ్నే కూసోని ఛాయ్ తాగుకుంట చెప్పిండు.”

మా ఊళ్లో దీపం పెట్టడానికి వచ్చినవాళ్లకు ఎవరూ ఛాయ్ ఇవ్వలేదు. స్తంభం ఎక్కడ పాతాలన్న దాని మీద పొద్దంతా వాళ్లతో పోట్లాడింది నేనే.

చీకటి పడుతుండగా దీపం దానంతటదే వెలిగింది. ఖాజాబీ సూదిలోకి దారం ఎక్కించింది. ఆ రాత్రి ఆ ఊరి బడి వరండాలో పడుకున్నాను. జొన్నరొట్టె, పచ్చిపులుసు ఆమే పంపింది.

పొద్దున మళ్లీ ప్యాసింజరు, మళ్లీ బస్సు. పదకొండు ఉత్తరాల నకళ్లు సంచిలోనే ఉన్నాయి, తీసి చదవాలనిపించలేదు. ఏడాదిగా ఎండిన బ్యాటరీకి మళ్లీ ప్రాణం వస్తుందో రాదో ఖాజాబీ కూడా చెప్పలేకపోయింది. మధ్యాహ్నం నార్కట్‌పల్లిలో దిగి, యాదమ్మ గంప వెనకాలే ఉన్న దుకాణంలో ఒక సీసా నీళ్లు కొన్నాను.

“గా దినం నువ్వు తుడుస్తుంటే తిట్టిన. తప్పు నాదే యాదమ్మా.”

ఆమె గంపలో పండ్లు సర్దింది. “ముక్కాలిపీట కాలు ఊగుతాంది పంతులూ. జర పైలంగ ఎక్కు” అంది.

నా తప్పుకు నేను జవాబు చెప్పుకున్నాను. ఇక ఆ దీపం పెట్టిన మీరు చెప్పండి. నేను పోట్లాడాననే అనుకోండి, పోట్లాడే ఊరికి నీళ్ల సంగతి చెప్పకూడదని ఎక్కడుంది? ‘ముట్టరాదు’ అని రాసిన చోటే ‘నీళ్లు పోయండి’ అని ఎందుకు రాయలేదు? యాదమ్మకు ఇంకా ఒక ఒత్తు మిగిలి ఉంది. ఈసారి ఎవరో ఒకరు జవాబివ్వండి.